అవ్వ, తాత, మనవళ్లు ఒకే ప్రయాణంలో: కేరళా, అండమానా, శ్రీలంకా, బాలీనా?

తిరుపతి, చిత్తూరు వైపు ఇళ్లలో సెలవుల మాట ఎత్తితే మూడు తరాలు మూడు దిక్కులకు లాగుతాయి. బెంగళూరులో ఉద్యోగం చేసే కొడుకు బాలీ అంటాడు. కోడలు ఫోనులో అండమాన్ వీడియోలు చూపిస్తుంది. పిల్లలకు ఈత కొలను ఉంటే ఏ ఊరైనా ఒకటే. తాత పేపరు దించకుండానే "రామేశ్వరం చూసి చాలా ఏళ్లయింది" అంటారు. అవ్వకు ఊరి పేరుతో పనిలేదు, ఆ నాలుగు రోజులూ పాలు ఎవరు పిండుతారన్నదే ఆవిడ సందేహం.

ఇలాంటి ఇంటి కోసం నీళ్లు, కొబ్బరి చెట్లు, పచ్చదనం ఉన్న నాలుగు చోట్లను పక్కపక్కన పెట్టి చూద్దాం: కేరళ బ్యాక్‌వాటర్స్, అండమాన్, శ్రీలంక, బాలీ. లెక్క కోసం ఎనిమిది మంది అనుకుందాం. తాత, అవ్వ, రెండు జంటలు, ఇద్దరు పిల్లలు. అయిదు రాత్రులు. గోవా, రామేశ్వరం సంగతి చివర్లో.

## ఊరి కంటే ముందు తేల్చుకోవలసినవి

మంచం ఎన్నిసార్లు మారుతుంది? నా లెక్కలో మొదటి ప్రశ్న ఇదే. మన పెద్దవాళ్లు నడవలేరని పిల్లలు అనుకుంటారు గాని, అలిపిరి నుంచి 3,550 మెట్లు ఎక్కి దర్శనం చేసుకున్నవాళ్లు ప్రతి వీధిలోనూ ఉన్నారు. వాళ్లను అలసటపెట్టేది నడక ఒక్కటే కాదు. రోజుకో కొత్త మంచం, చీకట్లో దారి తెలియని బాత్‌రూమ్, పొద్దున్నే సర్దాల్సిన పెట్టె, గది ఇచ్చేదాకా హోటల్ వరండాలో రెండు గంటల కాపు. మూడో రోజుకల్లా ఒక్కొక్కరికి కాళ్లు వాస్తాయి, ఒకరికి మలబద్ధకం, ఇంకొకరికి మాట మాటకీ కోపం. కాబట్టి ఏ ప్యాకేజీ చూసినా అందులో చూపించే స్థలాలు లెక్కపెట్టే ముందు మంచాలు లెక్కపెట్టండి. అయిదు రాత్రులకు రెండు మంచాలు దాటితే ఆ ప్యాకేజీ పడుచువాళ్ల కోసం రాసిందని అర్థం.

ఏ నెలలో కదలగలరు? ఇక్కడ మన జిల్లాల పంచాంగం వేరు. బడులకు వేసవి సెలవులు ఏప్రిల్ చివరి నుంచి జూన్ రెండో వారం దాకా ఉంటాయి. కానీ మే నెలలో తిరుపతిలో గంగమ్మ జాతర ఉంటుంది, బంధువులు ఇంటికి వస్తారు. మే చివరికి తోతాపురి కోత మొదలైతే తోట ఉన్న ఇంటి యజమాని జూలై దాకా ఎక్కడికీ కదలడు. ఈ రెండూ తప్పించి చూస్తే వేసవిలో మిగిలేది ఏప్రిల్ చివర, మే మొదట. అప్పుడు కేరళ ఉక్కపోత మన రేణిగుంట ఎండకు పెద్దగా తీసిపోదు. జాతర అయ్యాక వెళ్దామంటే నైరుతి రుతుపవనాలు ఎదురొస్తాయి: అండమాన్‌కు మామూలుగా మే మూడో వారానికి, కేరళకు జూన్ 1 నాటికి.

ఇక సంక్రాంతి. వాతావరణం చూస్తే కేరళ, అండమాన్, శ్రీలంక పడమటి తీరం మూడింటికీ అదే మంచి కాలం. అయితే అది మకరజ్యోతి సమయం కూడా. కొట్టాయం, చెంగన్నూర్ వైపు వెళ్లే ప్రతి రైలూ నల్లబట్టల స్వాములతో నిండి ఉంటుంది. అదే రోజుల్లో హౌస్‌బోటుకు వెళ్దామనుకుంటే టికెట్ దగ్గరే ఆట ముగుస్తుంది. సంక్రాంతి పండుగ ఇంట్లో చేసుకుని, మకరజ్యోతి రద్దీ పూర్తిగా తగ్గాక జనవరి చివర్లో బడికి రెండు రోజులు సెలవు పెట్టించి వెళ్లడం నయం. దసరాకైతే ఈ నాలుగింటిలో బాలీయే ముందు వరుసలో ఉంటుంది, ఎందుకో కింద చెబుతాను.

బాత్‌రూమ్. చెప్పుకోవడానికి మొహమాటపడతాం గాని, మోకాళ్ల నొప్పి ఉన్న ఇంట్లో గది ఎంపిక అక్కడే తేలుతుంది. కూర్చునే కమోడ్ ఉందా, పక్కన పట్టుకోవడానికి కడ్డీ ఉందా, స్నానాల గదిలోకి దిగడానికి మెట్టు ఉందా, నేల జారుతుందా. హోటల్‌వాళ్ల ప్రకటనలో ఈత కొలను ఫొటోలు ఇరవై ఉంటాయి, బాత్‌రూమ్ ఫొటో ఉండదు. ఫోను చేసి అడిగి తెప్పించుకోండి. పంపడానికి వెనకాడేవాళ్ల దగ్గర గది తీసుకోవద్దు.

భోజనం. రెండు రోజులు కొత్త రుచులు అందరికీ బాగుంటాయి. మూడో రోజు తాతకు చారు, అవ్వకు పెరుగన్నం, పిల్లవాడికి దోసె కావాలి. చిన్న వంటగది ఉన్న బస దొరికితే సగం గొడవ పోతుంది.

ఆసుపత్రి ఎంత దూరం, కాగితాలు ఏం కావాలి అన్నవి కూడా ఈ వరుసలోనివే. ఒక్కో చోటి దగ్గర చెబుతాను.

## ఒక చూపులో

| | కేరళ (అలెప్పీ, కుమరకోం) | అండమాన్ | శ్రీలంక | బాలీ |
|---|---|---|---|---|
| ఎలా వెళ్లాలి | తిరుపతి, చిత్తూరు, కాట్పాడి నుంచి రైలు | చెన్నై నుంచి విమానం, తర్వాత ఓడ | చెన్నై నుంచి సుమారు గంటన్నర విమానం | బెంగళూరు నుంచి నేరు విమానం, ఆరేడు గంటలు |
| మంచి నెలలు | నవంబరు నుంచి ఫిబ్రవరి | డిసెంబరు నుంచి ఏప్రిల్ | పడమర, దక్షిణ తీరాలకు డిసెంబరు నుంచి మార్చి | ఏప్రిల్ నుంచి అక్టోబరు |
| అయిదు రాత్రులకు మంచాలు | 1 లేదా 2 | 3 | 2 | 1 |
| మోకాళ్లకు | సులువు, పడవ ఎక్కేటప్పుడు జాగ్రత్త | కష్టం, రేవుల్లో నిలబడాలి | వ్యాన్‌లో ఎక్కువ గంటలు కూర్చోవాలి | బస దగ్గర సులువు, గుళ్ల దగ్గర మెట్లు |
| పిల్లలకు | పడవ, పక్షులు, కొలను | అన్నిటికంటే మంచి సముద్రం | ఏనుగులు, రైలు, సముద్రం | కొలను, లోతులేని సముద్రం |
| భోజనంలో చిక్కు | దొడ్డు ఉప్పుడు బియ్యం, కొబ్బరి నూనె | దాదాపు లేదు | కూరల్లో ఎండు చేప పొడి | సంబల్ అనే కారప్పచ్చడిలో రొయ్యల ముద్ద |
| పాస్‌పోర్ట్ | అక్కర్లేదు | అక్కర్లేదు | కావాలి | కావాలి |

## కేరళ: పెద్దవాళ్లు కేంద్రంగా ఉండే ఇంటికి

మన వైపు వాళ్లకు కేరళకున్న అసలు బలం రైలు. శబరి ఎక్స్‌ప్రెస్ తిరుపతి, చిత్తూరు మీదుగానే కొట్టాయం వెళుతుంది. చిత్తూరువాళ్లకు ఇంకో దారి కాట్పాడి. చెన్నై నుంచి వచ్చే అలెప్పీ ఎక్స్‌ప్రెస్‌ను రాత్రి అక్కడ ఎక్కితే నిద్ర లేచేసరికి కేరళలో ఉంటారు, ఆ పూటకే అలెప్పీలో దిగుతారు. విమానాశ్రయం వరుసలు లేవు, చక్కెర ఉన్నవాళ్లు వేళకు డబ్బా తెరిచి తినవచ్చు, ఎప్పుడు కావాలంటే అప్పుడు లేచి నడవవచ్చు.

టికెట్ దగ్గర ఒక కిటుకు ఉంది. 60 నిండిన పురుషులు, 45 నిండిన స్త్రీలు ఒంటరిగా గాని ఇద్దరుగా గాని ఒక టికెట్ మీద ప్రయాణిస్తే కింది బెర్త్ కోటాలో అడగవచ్చు. అదే టికెట్‌లో మిగతా కుటుంబాన్ని కలిపితే ఆ వీలు పోతుంది. ఎలాగూ ఒక టికెట్‌పై ఆరుగురికి మించి కుదరదు, కాబట్టి తాత, అవ్వల టికెట్ విడిగా తీయండి. రిజర్వేషన్ 60 రోజుల ముందు తెరుచుకుంటుంది, ఆ ఉదయమే కూర్చోవాలి.

ఏజెంట్లు అమ్మే మామూలు కేరళ ప్యాకేజీ మాత్రం తీసుకోవద్దు. కొచ్చి, మున్నార్, తేక్కడి, అలెప్పీ, తిరువనంతపురం అని అయిదు రాత్రులకు అయిదు ఊళ్లు రాసి ఇస్తారు. కొచ్చి నుంచి మున్నార్‌కు నాలుగైదు గంటల మలుపుల దారి, వెనక సీట్లో పిల్లలు వాంతులు చేసుకుంటారు, ముందు సీట్లో తాత నడుము పట్టుకుంటుంది. కొండ గాలి కావాలంటే మనకు హార్స్‌లీ హిల్స్ ఉంది, ఏ శనివారమైనా వెళ్లి రావచ్చు. మన దగ్గర లేనిది ఆ నీళ్లు. అందుకే కుమరకోంలోనో అలెప్పీలోనో వేంబనాడ్ సరస్సు ఒడ్డున నేల అంతస్తు గదులున్న బస ఒకటి తీసుకుని నాలుగు రాత్రులు అక్కడే ఉండండి. అయిదోది కావాలంటే హౌస్‌బోటు.

హౌస్‌బోటు గురించి కాస్త నెమ్మదిగా ఆలోచించాలి. మధ్యాహ్నం పన్నెండుకు ఎక్కిస్తారు, మరునాడు తొమ్మిదికల్లా దించేస్తారు. సాయంత్రం అయిదున్నర, ఆరు అయ్యేసరికి పడవను ఒడ్డున కట్టేస్తారు, ఎందుకంటే రాత్రి సరస్సు వలలు వేసేవాళ్లది. అంటే నిజంగా తిరిగేది కొన్ని గంటలే, మిగతా సమయం కట్టేసిన పడవలో దోమతెర కింద గడుస్తుంది. ఎక్కేటప్పుడు ఒడ్డుకూ పడవకూ మధ్య ఒక అడుగు వెడల్పు పలక వేస్తారు. మోకాలు వంగని అవ్వకు ఆ ఒక్క అడుగే ప్రయాణం మొత్తంలో పెద్ద గండం. ఇద్దరు పడవవాళ్లు చెరో చెయ్యీ పట్టుకుంటారు, పట్టుకున్నా పడవ కదులుతూనే ఉంటుంది. మూడేళ్లలోపు పిల్ల ఉన్న ఇంట్లో అయితే తల్లి ఆ పూటంతా కమ్మీ దగ్గరే కాపలా. పెద్దవాళ్లకూ చంటివాళ్లకూ రాత్రి బస కన్నా పగటిపూట మూడు నాలుగు గంటల పడవ విహారం మేలు. ఖర్చు తగ్గుతుంది, అందరూ సొంత మంచంలో పడుకుంటారు. ఇంకా చవకగా చూడాలంటే అలెప్పీ, కొట్టాయం మధ్య ప్రభుత్వ జలరవాణా శాఖ పడవ నడుస్తుంది. బడిపిల్లలు, కూరగాయల సంచులవాళ్లతో కలిసి అదే కాలువల్లో వెళతారు. పెద్ద పిల్లలకు హౌస్‌బోటు కన్నా అదే నచ్చవచ్చు.

గుళ్ల కోరికా ఇక్కడ తీరుతుంది. వైకం, ఏట్టుమానూర్ శివాలయాలు దగ్గర. అలెప్పీకి దక్షిణాన అంబలప్పుళ కృష్ణుడి పాల్‌పాయసం పేరున్నది. మగవాళ్లు చొక్కా తీసి పంచెతో వెళ్లాలి, సంచిలో రెండు పంచెలు ఉంచుకోండి. భోజనంలో ఎర్రటి దొడ్డు అన్నం పెద్దలకు మింగుడుపడదు, "పచ్చరి" అన్నం కావాలని ముందే చెబితే వండుతారు. కొట్టాయంలో ప్రభుత్వ వైద్య కళాశాల ఆసుపత్రి ఉంది, కుమరకోం నుంచి దూరం కాదు.

కేరళకు ఉన్న లోటు ఒకటే, పదమూడు, పద్నాలుగేళ్ల పిల్లలకు రెండో రోజు సాయంత్రానికి విసుగు వస్తుంది. కొలను ఉన్న బస తీసుకోవడం, ఒక పూట మరారి తీరానికి తీసుకెళ్లడం దానికి మందు.

ఆవులున్న ఇంటికి ఇంకో సౌకర్యం. రైలు దారి కాబట్టి అందరూ ఒకేసారి రావలసిన పని లేదు. చిన్నకొడుకు రెండు రోజులు ఇల్లు చూసుకుని తర్వాత రావచ్చు, పెద్దకొడుకు ముందుగా తిరిగి వెళ్లవచ్చు. విమానం టికెట్లతో ఈ సర్దుబాటు జేబుకు చిల్లు.

## అండమాన్: సముద్రం చూడాలంటే

నీళ్ల అందంలో ఈ నాలుగింటిలో అండమాన్‌దే మొదటి స్థానం, ఇందులో నాకు సందేహం లేదు. రాధానగర్ తీరంలో ఇసుక తెల్లగా, మెత్తగా ఉంటుంది. నీల్ ద్వీపంలో అడుగున గాజు ఉన్న పడవలోంచి పగడాలు చూస్తుంటే అవ్వ కూడా పిల్లల పక్కన వంగి కూర్చుంటుంది. ఆ ద్వీపంలో ఊళ్ల పేర్లు సీతాపూర్, భరత్‌పూర్, లక్ష్మణ్‌పూర్, పెద్దవాళ్లు వెంటనే సొంతం చేసుకుంటారు. భాష బెంగ కూడా లేదు. పోర్ట్ బ్లెయిర్‌లో, అంటే 2024 నుంచి శ్రీ విజయపురంలో, తెలుగువాళ్లు చాలామంది స్థిరపడ్డారు. ఇడ్లీ, దోసె, అన్నం, సాంబారు దొరుకుతాయి.

చిక్కంతా దారిలో ఉంది. చెన్నైలో ఉదయపు విమానం అందుకోవాలంటే తిరుపతిలో అర్ధరాత్రి కారెక్కాలి. దిగాక ఒక రాత్రి అక్కడ. మరునాడు ఓడ ఎక్కి హేవ్‌లాక్‌కు, అంటే స్వరాజ్ ద్వీపానికి గంటన్నర నుంచి రెండున్నర గంటలు. ఓడ రేవులో సంచులతో వరుస, తనిఖీ, ఎండలో నడక. అక్కడ మూడు రాత్రులు, మళ్లీ ఓడ, తిరుగు విమానానికి ముందు మళ్లీ నగరంలో ఒక రాత్రి. అలల్లో ఓడ ఊగితే కడుపులో తిప్పడం ఖాయం. మాత్ర ఎక్కడానికి ముందే వేసుకోవాలి, వాంతి మొదలయ్యాక వేసుకుంటే పనిచేయదు. రక్తపోటు, గుండె మందులు వాడేవాళ్లు ఏ మాత్ర వేసుకోవాలో ఇక్కడే డాక్టరును అడిగి తీసుకెళ్లాలి.

ఇంకో సంగతి ప్యాకేజీ కాగితంలో ఉండదు. డిసెంబరు, జనవరుల్లో అక్కడ సాయంత్రం అయిదు దాటితే చీకటే. మనలా పది గంటలకు తీరిగ్గా టిఫిన్ చేసి బయలుదేరితే రోజు సగం పోయినట్టే. తెల్లవారకముందే లేచే తాతకు ఈ వేళలు సరిపోతాయి, పదింటికి లేచే మనవడికి సరిపోవు.

సెల్యులార్ జైలు మూడు తరాలూ కలిసి చూడదగ్గది. 1906లో పూర్తయిన ఆ కట్టడంలో ఏడు రెక్కలకు ఇప్పుడు మూడు మిగిలాయి. పైఅంతస్తులకు మెట్లున్నాయి, ఎక్కలేనివాళ్లు కింద చెట్టు నీడన కూర్చోవచ్చు, సాయంత్రం ధ్వని, కాంతి ప్రదర్శన ఎలాగూ కూర్చుని చూసేదే. బారాటాంగ్ సున్నపురాతి గుహలను మాత్రం జాబితాలోంచి కొట్టేయండి. తెల్లవారుజామున మూడింటికి లేవడం, అడవి దారిలో వాహనాల వరుస, పడవ, నడక. అది ముప్పైల్లో ఉన్నవాళ్ల సరదా.

పెద్ద ఆసుపత్రి ఉన్నది శ్రీ విజయపురంలోనే. హేవ్‌లాక్‌లో రాత్రి గుండెనొప్పి వస్తే మధ్యలో సముద్రం ఉందన్నది మరవకూడదు. స్టెంట్ వేయించుకుని ఏడాది కాని వాళ్లు, డయాలసిస్‌లో ఉన్నవాళ్లు ఇంట్లో ఉంటే అండమాన్ ఆలోచన ఇప్పటికి పక్కన పెట్టమనే నా సలహా. పెద్దవాళ్లు అరవైల్లో గట్టిగా ఉంటే వెంటనే వెళ్లండి, డెబ్బై అయిదుకు వాయిదా వేయకండి.

## శ్రీలంక: దగ్గరి విదేశం

పాస్‌పోర్ట్ మీద మొదటి ముద్ర పడాలని కోరుకునే పెద్దలకు శ్రీలంక బాగుంటుంది. చెన్నై నుంచి విమానం గంటన్నరలో దించేస్తుంది. గడియారం మార్చుకోనక్కర్లేదు, మనదీ వాళ్లదీ ఒకే సమయం, మందుల వేళలు తప్పవు. తమిళం నడుస్తుంది, చిత్తూరు సరిహద్దు ఊళ్లవాళ్లకు అది ఇంటి భాష లాంటిదే.

రామాయణ యాత్ర పేరుతో అమ్మే పథకాల దగ్గర ఆగి చూడండి. పటంలో చిన్న ద్వీపంలా కనిపిస్తుంది గాని దారులు నిదానం. కొలంబో నుంచి కాండీ 115 కిలోమీటర్లే, వ్యాన్‌లో మూడు నుంచి నాలుగు గంటలు పడుతుంది. అక్కడి నుంచి నువర ఎలియ దగ్గరి సీతమ్మ గుడికి మళ్లీ కొండదారి. అశోకవనం అదేనన్న నమ్మకంతో పెద్దవాళ్లు కళ్లకద్దుకుంటారు, అది వాళ్ల ముఖ్యమైన కోరికైతే తప్పకుండా వెళ్లండి, కానీ అప్పుడు సముద్రతీరం వదులుకోవాలి. రెండూ అయిదు రాత్రుల్లో ఇరికిస్తే రోజంతా వ్యాన్‌లోనే. సిగిరియా రాయి 1,200 మెట్ల పైమాట, ఎక్కేవాళ్లు ఇద్దరు, కింద కాపలా ఆరుగురు.

నేనైతే రెండు మంచాలతో సరిపెడతాను. కాండీలో రెండు రాత్రులు: దారిలో పిన్నవల ఏనుగులు నదికి స్నానానికి వచ్చే వేళ చూడటం, చదునైన దారులున్న పేరాదెనియ ఉద్యానవనంలో ఒక పూట. తర్వాత బెంటోటా తీరంలో మూడు రాత్రులు. అక్కడ మడు నదిలో పడవ, పిల్లలకు అల, పెద్దలకు కొబ్బరి చెట్ల కింద కుర్చీ.

శాకాహారులు ఒక సంగతి గుర్తుంచుకోవాలి. కొబ్బరి పచ్చడిలా కనిపించే పోల్ సంబల్‌లో, కొన్ని కూరల్లో కూడా, ఎండు చేప పొడి కలుపుతారు. "చేప లేదా?" అని అడిగితే ముక్కలు లేవు కాబట్టి లేదంటారు. ఎండు చేప పొడి వేయవద్దని విడిగా చెప్పాలి. ఇడియాప్పం, పప్పుకూర మాత్రం మన నోటికి హాయిగా సరిపోతాయి.

ప్రయాణానికి ముందు ఆన్‌లైన్ అనుమతి తీసుకోవాలి. దాని రుసుము నిబంధనలు తరచూ మారాయి కాబట్టి అక్కడి ప్రభుత్వ సైట్ చూశాకే టికెట్ కొనండి. నెల విషయంలో కూడా జాగ్రత్త. మే నుంచి సెప్టెంబరు వరకు బెంటోటా వైపు వానలు, అలలు. ఆ నెలల్లో బాగుండేది తూర్పు తీరం, త్రికోణమలై వైపు, కానీ కొలంబో నుంచి అంత దూరం పెద్దవాళ్లను కూర్చోబెట్టడం నాకు సమ్మతం కాదు.

## బాలీ: వేసవికీ దసరాకూ

దూరం ఎక్కువ, ఖర్చు ఎక్కువ, అయినా ఈ జాబితాలో బాలీని ఉంచడానికి కారణం వాతావరణం. భూమధ్యరేఖకు దక్షిణాన ఉండటం వల్ల అక్కడ వానలు నవంబరు నుంచి మార్చి దాకా. మన బడి సెలవుల్లో, అంటే మే నెలలోనూ దసరాకూ, అక్కడ పొడికాలం. జాతర అయ్యాక మే చివర్లో వెళ్లాలనుకునే ఇంటికి మిగతా మూడూ దాదాపు కొట్టుకుపోతాయి.

రెండో కారణం బస. మూడు పడకగదులు, వంటగది, సొంత కొలను ఉన్న విల్లాలు అక్కడ మామూలు. ఒకే ప్రాంగణంలో తాత వరండాలో, పిల్లలు నీళ్లలో, కోడళ్లు ఎక్కడికో మసాజ్‌కు, రాత్రి భోజనానికి అందరూ ఒక బల్ల దగ్గర. అయిదు రాత్రులూ ఒకే మంచం. కొలనుకు చుట్టూ కంచె ఉండదన్నది మాత్రం గుర్తుంచుకోవాలి. చంటిపిల్ల ఉంటే గది తలుపు నేరుగా కొలను మీదికి తెరుచుకునే విల్లా వద్దు.

ఊరు ఎంచుకోవడంలో కుర్రవాళ్ల మాట వినకండి. కుటా, సెమిన్యాక్ వైపు అలలు బలంగా లాగుతాయి, రోడ్లు స్కూటర్లతో నిండి ఉంటాయి. ఉబుద్ అందమైనదే గాని కాలిబాటలు ఎగుడుదిగుడు. పెద్దవాళ్లతో అయితే సనూర్. పగడపు దిబ్బ అడ్డుండటం వల్ల నీళ్లు లోతు లేకుండా, నెమ్మదిగా ఉంటాయి, తీరం వెంట కిలోమీటర్ల పొడవునా చదునైన బాట ఉంది, తూర్పు ముఖం కాబట్టి సూర్యోదయం తాత నడకలోనే కనిపిస్తుంది. నూసా దువా కూడా ఇలాంటిదే, కాస్త ఖరీదు.

ఎక్కువమంది హిందువులే ఉన్న ద్వీపం కావడంతో అవ్వకు పరాయితనం ఉండదు. ప్రతి ఉదయం గడపల ముందు, కాలిబాటల మీద కొబ్బరాకు చిన్న పళ్లేల్లో పూలు, అన్నం మెతుకులు, అగరువత్తి పెట్టి ఉంటాయి. చూసుకుని అడుగు వేయాలి. గుళ్లలో లోపలి ఆవరణలోకి యాత్రికులను సాధారణంగా రానివ్వరు, నడుముకు వస్త్రం చుట్టుకోవాలి. ఉలువాటులో సాయంత్రం జరిగే కెచక్ నృత్యం రామాయణ కథే. గుండ్రంగా కూర్చున్న మగవాళ్ల "చక్ చక్" గొంతులే వాద్యం, లంకాదహనం దాకా భాష తెలియకపోయినా అవ్వ కథ చెప్పేయగలదు. మెట్ల మీద కూర్చోవాలి, ముందే వెళ్లి కింది వరుస పట్టుకోండి. అక్కడి కోతులు కళ్లజోళ్లు లాక్కోవడంలో తిరుమల దారి కోతులకు పాఠాలు చెప్పగలవు.

వీసా అక్కడ దిగాక ఇస్తారు, మనిషికి 5 లక్షల రుపయాలు (ఇండోనేషియా డబ్బు, మన రూపాయలు కావు), పిల్లలకూ అంతే. దానికి తోడు 2024 నుంచి పర్యాటక రుసుము 1.5 లక్షల రుపయాలు. ఎనిమిది మందికి 52 లక్షలు. తాత గుండె పట్టుకోనక్కర్లేదు, మన డబ్బులో పాతిక ముప్పై వేల మధ్య. గడియారం మనకన్నా రెండున్నర గంటలు ముందు, ఇన్సులిన్ వేళ ఎలా మార్చాలో డాక్టరును అడగండి. శాకాహారులకు ఇక్కడి చిక్కు రొయ్యల ముద్ద, చాలా సంబల్‌లలో ఉంటుంది. వంటగది ఉన్న బస తీసుకోమనేది అందుకే. బియ్యం అక్కడే దొరుకుతాయి, ఇంటి నుంచి చారుపొడి, వేరుశనగ పొడి, చిన్న కుక్కర్ చాలు. పళ్లు, పాల పదార్థాలు సంచిలో వద్దు.

చిత్తూరు, పలమనేరు వైపు వాళ్లకు బెంగళూరు విమానాశ్రయం అనుకూలం. తిరుపతివాళ్లు చెన్నై నుంచి మధ్యలో ఎక్కడో విమానం మారే చవక టికెట్ చూసి ఆశపడతారు. అర్ధరాత్రి పరాయి విమానాశ్రయంలో నాలుగు గంటలు కూర్చోబెట్టి మిగిల్చిన డబ్బు, దిగిన మొదటి రోజు అందరూ పడుకుండిపోవడంతో సరి.

## గోవా, రామేశ్వరం

గోవాకు తిరుపతి నుంచి వాస్కోకు వారానికోసారి నేరు రైలుంది. దక్షిణ గోవా తీరాలు ప్రశాంతంగా ఉంటాయి. పిల్లలు పెద్దవాళ్లయి, పెద్దలు చేపలు తినేవాళ్లయితే మంచిదే. శాకాహారి అవ్వకు అక్కడ చేయడానికీ తినడానికీ పెద్దగా ఏమీ ఉండదు.

రామేశ్వరం సెలవు ప్రయాణం కిందికి రాదు. 22 తీర్థాల స్నానం, తడి నేల, దర్శనం వరుస. అది తాత మొక్కు, దాన్ని మొక్కుగానే తీర్చాలి. 2025 ఏప్రిల్‌లో కొత్త పాంబన్ వంతెన మొదలయ్యాక రైలు మళ్లీ ద్వీపం దాకా వెళుతోంది, వేరుగా మూడు రోజులు పెట్టుకుని పెద్దవాళ్లను తీసుకెళ్లండి. దాన్ని పిల్లల సముద్రస్నానంతో కలిపితే ఇద్దరికీ సగం సగమే దక్కుతుంది.

## ఖర్చు ఎవరు పెట్టుకుంటారు

ఊరి మీద కంటే దీని మీదే ఎక్కువ ప్రయాణాలు ఆగిపోతాయి. ఒక కొడుకు బెంగళూరులో జీతగాడు, ఇంకొకడు ఊళ్లో అంగడి, ఆవులు చూసుకుంటాడు. జీతగాడు బాలీ అన్నప్పుడు రెండోవాడు సరే అంటాడు, ఆ రాత్రి భార్యతో లెక్క వేసుకుంటాడు. నా అభిప్రాయం: సంపాదన తక్కువ ఉన్న ఇల్లు ఎవరి సాయమూ లేకుండా భరించగల చోటే అందరికీ చోటు. ఎక్కువ ఉన్నవాడు అమ్మానాన్నల టికెట్లు, వ్యాన్ బాడుగ తన మీద వేసుకోవచ్చు, అది కొడుకు బాధ్యతగా కనిపిస్తుంది, తమ్ముడికి చేసిన దానంలా కనిపించదు. గదులు మాత్రం ఇద్దరికీ ఒకే రకం. ఒకరికి సముద్రం కనిపించే గది, ఇంకొకరికి గోడ కనిపించే గది ఇస్తే ఆ తేడా వచ్చే ఏడాది సంక్రాంతి దాకా నడుస్తుంది.

## ఎవరికి ఏది

డెబ్బై అయిదు దాటినవాళ్లు, లేదా ఈమధ్యే ఆపరేషన్ అయినవాళ్లు ఉంటే కేరళ, ఒకే బస, జనవరి చివర లేదా ఫిబ్రవరి. పెద్దలు అరవైల్లో గట్టిగా ఉండి, పిల్లలు పదేళ్లు దాటి, ఈత మీద మనసుంటే అండమాన్. స్కూబాకు సాధారణంగా పదేళ్లు నిండాలంటారు. వేసవి లేదా దసరా తప్ప వేరే సెలవు లేని ఇంటికి, చంటిపిల్ల తల్లికి విశ్రాంతి కావలసిన ఇంటికి బాలీ. పెద్దలకు విదేశం చూడాలన్న కోరిక, జేబులో బాలీకి సరిపడా లేని పరిస్థితి, డిసెంబరు నుంచి మార్చిలోపు వీలు, ఈ మూడూ కలిస్తే శ్రీలంక. మూడు రోజులే దొరికితే ఈ నాలుగూ వద్దు, మహాబలిపురమో పుదుచ్చేరో చాలు.

విదేశమే అని తేలితే పాస్‌పోర్ట్‌లతో మొదలుపెట్టండి, టికెట్లతో కాదు. పెద్దవాళ్ల ఆధార్‌లో ఇంటిపేరు ఒకలా, బ్యాంకు పుస్తకంలో ఇంకోలా ఉండటం మన దగ్గర సర్వసాధారణం, ఆ దిద్దుబాటుకే వారాలు పడతాయి. 2023 అక్టోబరు 1న గాని ఆ తర్వాత గాని పుట్టిన పిల్లలకు పుట్టినతేదీ రుజువుగా జనన ధ్రువపత్రం ఒక్కటే చెల్లుతుంది. పిల్లల పాస్‌పోర్ట్ అయిదేళ్లకే ముగుస్తుంది కాబట్టి పాతది ఉందిలే అనుకోకుండా తేదీ చూడండి, ప్రయాణం నాటికి ఆరు నెలల గడువు మిగిలి ఉండాలి. తిరుపతిలోనే పాస్‌పోర్ట్ సేవా కేంద్రం ఉంది.

ఆ తర్వాత బీమా. పెద్దవాళ్లకు తీసుకునేటప్పుడు చక్కెర, రక్తపోటు, పాత ఆపరేషన్లు అన్నీ ఫారంలో రాయండి. ప్రీమియం పెరుగుతుందని దాచితే క్లెయిమ్ రోజున కంపెనీ పాత చీటీలు బయటికి తీస్తుంది. మందులు రెండు భాగాలు చేసి సగం చేతిసంచిలో, సగం ఇంకొకరి సంచిలో పెట్టండి. ప్రిస్క్రిప్షన్ మీద మందు బ్రాండ్ పేరుతో పాటు అసలు మందు పేరు కూడా రాయించుకోండి, మన బ్రాండ్లు అక్కడి దుకాణాల్లో దొరక్కపోవచ్చు.